నా రక్షణకి పెట్టిన ముహూర్తం

మా వైపు పెద్దవాళ్ళలో పుట్టినరోజు తెలిసినవాళ్ళు తక్కువ. "గాలివానకి దూలం విరిగిన ఏడు లేదండీ, అప్పటికి వీడు పాకుతున్నాడండి" అని చెప్పేవారు. నాన్నగారు మిషను బడిలో హెడ్మాస్టరు. పిల్లల్ని బడిలో వేసుకునేటప్పుడు ఆ పాకడాన్ని వేళ్ళమీద లెక్కేసి, జూలై ఒకటి అని రాసి పడేసేవారు. ఆయన కలం పుణ్యమా అని మా ఊళ్ళో సగం మంది ఒకే రోజున పుట్టారు. కానీ ఆ మనుషుల్నే రక్షణ ఎప్పుడు పొందారని అడిగి చూడండి. తారీఖు, వారం, పొద్దున్నో సాయంత్రమో, ఆ వేళ ఏ పాట పాడుతున్నారో కూడా చెప్పేస్తారు. తల్లి కడుపులోంచి ఎప్పుడు బయటపడ్డారో తెలియదు గానీ పాపంలోంచి ఎప్పుడు బయటపడ్డారో గంటతో సహా తెలుసు.

నాకు పుట్టినరోజు ఉంది. రక్షణ తారీఖే లేదు. అది లేకపోవడం వల్ల ఎనభైల మొదట్లో నాకు కుదరబోయిన ఒక సంబంధానికి ఏ గతి పట్టిందో చెబుతాను. ముందు మా ఇంట్లో ఇద్దరు మగవాళ్ళ గురించి చెప్పాలి. చెప్పకపోతే తప్పంతా నాదే అనుకుంటారు.

నాన్నగారు పాత సంఘం మనిషి. అక్కడ పసిపిల్లలకే బాప్తిస్మం ఇచ్చేస్తారు. నాకూ మూడో నెలలోనే నెత్తిన నీళ్ళు చల్లించారు. రక్షణ విషయంలో ఆయనది ఒకటే మాట. ఎవరిని రక్షించాలో దేవుడు లోకం పుట్టకముందే నిర్ణయించేశాడు. ఆయన ఏర్పరచుకున్నవాడు తప్పించుకోలేడు, ఏర్పరచుకోనివాడు గింజుకున్నా లాభం లేదు. మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, కొత్తగా వచ్చిన, సహవాసం అనే వేరే సంఘంలో చేరాడు. వాళ్ళ మాట వేరు. దేవుడు చెయ్యి చాపి నిలబడ్డాడు, అందుకోవడమా మానడమా అన్నది నీ ఇష్టం. బుద్ధి తెలిశాక నీ అంతట నువ్వు తీర్మానం చేసుకోవాలి, ఆనక కాలవలో మునిగి బాప్తిస్మం తీసుకోవాలి. పసితనంలో చల్లిన నీళ్ళు వాన చినుకులతో సమానం.

ఆదివారం భోజనాలయ్యాక వీధరుగు మీద ఇద్దరికీ పడేది.

"నువ్వు పుట్టాలని తీర్మానం చేసుకుని పుట్టేవటయ్యా? ఇదీ అంతే," అనేవారు నాన్నగారు.

"మరైతే వారం వారం గంట కొట్టి జనాన్ని పిలవడం ఎందుకండి బావగారూ? ఏర్పరచుకున్నవాళ్ళు ఎలాగూ వచ్చేస్తారు కదండీ," అనేవాడు మావయ్య.

అమ్మ కాఫీ గ్లాసులు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, "ముందు వీటిని రక్షించండి, చల్లారిపోతున్నాయి," అనేది.

వాదన వాళ్ళ సరదా, వాళ్ళు వాదించుకుంటే నాకేం నొప్పి? నాకు ఒళ్ళు మండేది వాళ్ళ చేతలు చూసి. అంతా దేవుడే నిర్ణయిస్తాడనే నాన్నగారు దేవుడికి ఒక్క నిర్ణయమైనా మిగిల్చిన పాపాన పోలేదు. నేను కాలేజీలో ఏం చదవాలో ఆయనే నిర్ణయించారు. జడ ఎంత పొడుగుండాలో ఆయనే నిర్ణయించారు. సైన్సు చదువుతానని నేను ఏడిస్తే, దేవుడు నీకు తెలుగు ఏర్పరిచాడే అన్నారు. దేవుడు ఒక్కసారైనా నా వైపు మాట్లాడితే ఒట్టు.

మావయ్య సంగతి ఇంకా బాగుంటుంది. ఎవరి తీర్మానం వారిదే, బలవంతం పనికిరాదు అని ఊరూరా సైకిలు మీద తిరిగి చెప్పేవాడు. అత్తయ్య బాప్తిస్మం ఎలా జరిగిందో అత్తయ్యే చెప్పింది.

"పాత చీర కట్టుకుని రమ్మన్నారమ్మా. తోటలో కొబ్బరి దింపు ఉంది కావోసు, కాయలు పోగెయ్యాలి అనుకున్నాను. కాలవ గట్టు మీద పదిమంది నిలబడి పాట ఎత్తుకున్నారు. ఏంటండీ ఇదీ అనేలోపు ముంచేసేరు."

"నీ ఇష్టం అడగలేదా అత్తయ్యా?"

"మీ మావయ్య తీర్మానించుకున్నాక మళ్ళీ నాదొకటా?" అంది, చాలా మామూలు సంగతిలా.

అత్తయ్యని అనుకుని ఏం లాభం! మా తాతల నాడు పేట పేటంతా ఒక్క పూటలో బాప్తిస్మం పుచ్చుకుంది. రైతుల చేలల్లో పాలేరుతనం చేసుకునే మనుషులు, పేట పెద్ద సరేనన్నాడు, మిగతావాళ్ళు వరసలో నిలబడ్డారు. ఆ వరస పుణ్యాన మాకు చదువొచ్చింది, ఉద్యోగాలొచ్చాయి, మర్యాదొచ్చింది. అందుకు నేను దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. అయితే ఎవరు ఎవరిని ఎన్నుకున్నారని ఆ వరసలో ఉన్నవాళ్ళని అడిగితే ముందున్నవాడి వీపు చూపించి ఉండేవారు.

సరే, సంబంధం సంగతి. మావయ్యే తెచ్చాడు. అబ్బాయి అమలాపురంలో ఒక ఆఫీసులో గుమాస్తా. అబ్బాయి తండ్రి మావయ్య వాళ్ళ సహవాసంలో పెద్ద, అందరూ బ్రదర్ గారు అంటారు. నాకు ఇరవై రెండు. అప్పటికి ఇద్దరు చూసి వెళ్ళారు. ఒకాయనకి నా రంగు నచ్చలేదు, ఇంకొకాయన పళ్ళు నాకు నచ్చలేదు.

మా వాళ్ళలో పెళ్ళిచూపులంటే పాట పాడించి, ప్రార్థన చేయించి చూస్తారు. నేను పాడాను. పాట అయ్యాక బ్రదర్ గారు కొడుకుని ప్రార్థన చెయ్యమన్నారు. పెళ్ళికొడుకు ప్రార్థన అంటే మామూలుగా ఆదాము దగ్గర మొదలై ఉప్మా చల్లారేదాకా సాగుతుంది. ఈయన లేచి, "ప్రభువా, ఈ ఇంటివాళ్ళని చల్లగా చూడు, వీళ్ళు పెట్టినదాన్ని దీవించు, ఆమెన్," అని కూచున్నారు. అంతే! నాకు ఆ క్షణంలో నచ్చేశారు. తలెత్తి చూస్తే ఆయనా చూస్తున్నారు. మెల్లిగా, "పాట బాగుందండి," అన్నారు. చెవులు ఎర్రగా కందిపోయాయి ఆయనకి. ఎందుకు దాచాలి, ఆ మనిషి నాకు కావాలనిపించింది. అంతకుముందు ఎవరినీ చూసి అలా అనుకోలేదు.

ఉప్మా అయ్యాక బ్రదర్ గారు మూతి తుడుచుకుని, "అమ్మాయి రక్షణ ఎప్పుడు పొందిందండీ?" అని అడిగారు.

"లోకం పుట్టకముందేనండి," అన్నారు నాన్నగారు, తడుముకోకుండా.

మావయ్య నెత్తి కొట్టుకున్నాడు. బ్రదర్ గారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. తారీఖు గుర్తుందా?"

"నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ నమ్ముతూనే ఉన్నానండి. నమ్మని రోజంటూ గుర్తులేదండి," అన్నాను. నిజమే చెప్పాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని కూనిరాగం తీస్తూ చేసిన ప్రార్థనల్లోనే నాకు మాటలొచ్చాయి. ఇంట్లో మనిషిని ఎప్పుడు మొదట కలిశావని అడిగితే ఏం చెబుతాం?

"జ్వరం ఎప్పుడు తగ్గిందో తెలియదంటే ఇంకా తగ్గలేదనే కదమ్మా," అన్నారాయన, నవ్వుతూ.

"అసలు జ్వరమే రాకపోతేనోనండీ?"

అమ్మకి ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చింది. అబ్బాయి తల వంచుకుని నవ్వు ఆపుకున్నారు. నేను చూశాను.

రెండు రోజులకి మావయ్య కబురు తెచ్చాడు. పిల్ల నచ్చింది, ఇంటి మర్యాద నచ్చింది, పెట్టుపోతల దగ్గర పేచీ లేదు. తారీఖు ఒక్కటే అడ్డం. తారీఖు లేని కోడలు వాళ్ళింట్లో అడుగు పెట్టడానికి వీల్లేదు.

"ఊరందరికీ పుట్టినరోజులు రాసేరు కదండీ, కన్నకూతురికి ఒక్క తారీఖు రాయలేరా?" అంది అమ్మ.

"అది సర్కారు రిజిస్టరే. ఇది దేవుడి పుస్తకం. అందులో ఎప్పుడో రాసేసుంది," అన్నారు నాన్నగారు.

"మీరు చూసొచ్చేరా?"

దారి మావయ్య చూపించాడు. వచ్చే నెలలో రాజోలు దగ్గర కొబ్బరితోటలో మూడు రోజులు సువార్త కూటాలు పెడుతున్నారు. గుంటూరు వైపు నుంచి పెద్ద ప్రసంగీకుడు వస్తున్నాడు. రెండో రోజు సాయంత్రం, రక్షణ కావాల్సినవాళ్ళు లేచి ముందుకు రండి అని పిలుస్తారు. పిల్ల లేచి నాలుగడుగులు వేసి, చీటీ మీద సంతకం పెట్టేస్తే తారీఖు వచ్చేసినట్టే. కర్ర విరగదు, పాము చస్తుంది.

అమ్మ గోడకున్న కేలండరు దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూసింది. "అయ్యబాబోయ్, రెండో రోజు అమావాస్యరా!"

మూడు తరాల క్రైస్తవం మాది. నాన్నగారు కసురుకుంటారనుకున్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తను కూడా లేచి చూశారు. "మనకవన్నీ లేవనుకో," అని గొణిగి, "వారం అటో ఇటో జరిపితే వాళ్ళ సొమ్మేం పోయింది?" అన్నారు మావయ్యతో. మావయ్య వెళ్ళి బ్రదర్ గారితో మాట్లాడాడు. చీకటి రోజుల్లో లంకల్లోంచి జనం రాలేరండి అని చెప్పాడట. ఆయనా వెంటనే ఆయ్, నిజమేనండి అన్నారట. ఆయన ఇంట్లో కేలండరు లేకుండా ఉంటుందా! కూటాలు వారం వెనక్కి జరిగాయి. పరిశుద్ధాత్ముడు శనివారం సాయంత్రం, వర్జ్యం లేని వేళ చూసుకుని, నా మీదికి దిగాలని తేలిపోయింది.

"మరి మీ మాట ఏమైందండీ? లోకం పుట్టకముందే అయిపోయిందన్నారుగా?" అని అడిగాను నాన్నగారిని.

"ఆ శనివారాన్ని కూడా లోకం పుట్టకముందే నిర్ణయించి ఉంటాడే," అన్నారు. ఆ మనిషిని వాదంలో ఓడించడం దేవుడి తరం కూడా కాదు.

ఇంక నాకు తర్ఫీదు మొదలైంది. పిలవగానే మొదట లేవకూడదు, ఆత్రం అనుకుంటారు. ఆఖర్న లేవకూడదు, గుండె బండ అనుకుంటారు. ముగ్గురు లేచాక నాలుగో మనిషిగా లెమ్మన్నాడు మావయ్య. కాస్త కళ్ళు తడుచుకుంటే బాగుంటుందంది అత్తయ్య. నీలం పువ్వుల తెల్ల చీర తీసి ఇస్త్రీ చేయించింది అమ్మ. మీరు నమ్ముతారో లేదో, నేను అన్నిటికీ సరేనన్నాను. ఆయన చెవులు కందిపోవడం గుర్తొస్తుండేది. నాలుగడుగులే కదా, వేసేస్తే పోలా అనుకున్నాను. అద్దం ముందు నిలబడి తల వంచుకుని నడవడం కూడా చేసి చూసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

శనివారం వచ్చింది. తోటలో తాటాకుల పందిరి, గడ్డి పరిచిన నేల, రెండు చెట్లకి కట్టిన మైకులు. మావయ్య మధ్యాహ్నమే వచ్చి మాకు చోటు చూసి ఉంచాడు. ఎడం పక్క, ఆడవాళ్ళలో మూడో వరస. వేదిక కింద ఒక బల్ల, బల్ల ముందు ఆయన. ముందుకొచ్చినవాళ్ళ పేరూ తారీఖూ చీటీ మీద రాసే పని ఆయనకి అప్పజెప్పారు. అంటే నేను నడిచి వెళ్ళాల్సింది సూటిగా ఆయన దగ్గరికే. ఇది మాత్రం మావయ్య తెలివి కాదు, దేవుడి దయేనని ఆ పూట నిజంగా నమ్మాను.

నా పక్కన ఒకావిడ కూర్చుంది. పీచు కొట్టే పని నుంచి తిన్నగా వచ్చినట్టుంది, జుట్టు నిండా కొబ్బరి నుసి. ప్రసంగం మొదలైన కాసేపటికే కునుకు తీసింది. ప్రసంగీకుడు నరకం గురించి గంట, మనిషి ఇష్టం గురించి గంట చెప్పాడు. "దేవుడు నిన్ను బలవంతం చెయ్యడు! చెయ్యి పట్టుకు లాగడు!" అని మైకు అదిరేలా అరిచి, పాట ఎత్తుకోమని, రండి అని పిలిచాడు. ఒకతను లేచాడు. ఇద్దరు కుర్రాళ్ళు లేచారు. ముగ్గురైపోయారు. నేను నేల మీద చెయ్యి ఆన్చాను.

అప్పుడు పక్కనున్నావిడ లేచింది. ఎప్పుడు మేలుకుందో తెలియదు. "నన్ను కూడా రానిస్తావా అయ్యా, నాలాంటిదాన్ని," అని, ఎవరూ వినాలని కాకుండా, తనలో తనే అంది. ముఖమంతా నీళ్ళు. చెంగుతో తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. అలా ఏడుస్తూనే జనం మధ్య నుంచి తోవ చేసుకుని వెళ్ళింది. ఆ మాట ఎవరూ ఆవిడకి నేర్పలేదు. ఏ వరసలో కూర్చోవాలో, ఎన్నో మనిషిగా లేవాలో చెప్పినవాళ్ళు లేరు.

"లే, లే, నీ వంతే," అని అమ్మ మోచేత్తో పొడిచింది.

నా చెయ్యి నేల మీదే ఉంది, లేవలేకపోయాను. ఆవిడ వెనకాల నా నీలం పువ్వుల చీరతో నడిచి వెళ్ళి, ఈ సాయంత్రం దాకా దేవుడెవరో నాకు తెలియదండీ అని చీటీ రాయించుకోవాలి. మరి అమ్మ పొయ్యి ముందు విన్నవాడెవరు? జ్వరాల్లో, పరీక్షల్లో, సైన్సు పోయిందని ఏడ్చిన రోజున నేను మాట్లాడుకున్నది ఎవరితో? ఆయన నాకు తెలియదని పదిమందిలో చెప్పి, మొగుణ్ణి తెచ్చుకోవాలన్నమాట. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

పాట ఆఖరి చరణం మళ్ళీ ఎత్తుకున్నారు. ప్రసంగీకుడు కళ్ళు మూసుకుని, "ఇంకొక్క ఆత్మ ఉంది! దేవుడు నాకు చూపిస్తున్నాడు! ఎడం పక్క, మూడో వరసలో!" అన్నాడు. దేవుడికి ఆ వరస చెప్పిందెవరో చూద్దామని తల తిప్పితే, మావయ్య గుంజ పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. ఆ చరణాన్ని ఏడుసార్లు పాడారు. చెయ్యి పట్టుకు లాగనన్న దేవుడి తరఫున అమ్మ నా చెయ్యి పట్టుకు లాగింది. నేను కదల్లేదు. ఆయన బల్ల దగ్గర కలం పట్టుకుని నా వైపే చూస్తున్నారు. ఆ చూపు చూశాకా లేవలేదంటే, అది నా మొండితనమో, దేవుడే నన్ను కూచోబెట్టాడో, ఇప్పటికీ తేల్చుకోలేను.

"దేవుడు దాన్ని లేపలేదు," అన్నారు నాన్నగారు ఇంటికొచ్చాక.

"అది లేవలేదండీ," అన్నాడు మావయ్య.

ఎటునుంచి వచ్చినా తప్పు నాదేనని ఇద్దరూ తేల్చారు. అన్నేళ్ళ వాదనలో వాళ్ళిద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది ఆ రోజే. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. నాలుగో రోజున బ్రదర్ గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. అమ్మాయి హృదయం ఇంకా మెత్తబడలేదండి, మేము వేరే చూసుకుంటామండి అని.

నెల తిరిగాక బి.ఇడి. అప్లికేషను కోసం అమలాపురం వెళ్ళి, మధ్యాహ్నం తిరిగొస్తూ వైనతేయ రేవులో పంటు కోసం నిలబడ్డాను. ఏటికి అడ్డం తిరిగే ఆ బల్లకట్టు అప్పుడే అవతలి ఒడ్డు నుంచి బయల్దేరింది. వెనక నుంచి ఎవరో, "బాగున్నారా అండీ?" అన్నారు. ఆయనే. ఆఫీసు పని మీద రాజోలు వెళ్తున్నారట.

"బాగానే ఉన్నానండి."

"ఆ రోజు మీరు వస్తారని... మీ పేరూ తారీఖూ ముందే రాసి ఉంచేనండి. సంతకమే మిగిలింది."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా నాన్నగారి దేవుడు ఈయనలోనే దూరాడు కాబోలు, మనిషి కదలకముందే పేరు రాసేసుకున్నారు. ఆ చీటీ ఏం చేశారని అడిగితే, పారెయ్యలేదండి అన్నారు. చెవులు మళ్ళీ కందిపోయాయి. ఇంక నాకు ఆగలేదు. ఎండలో, కొబ్బరికాయల బస్తాల మధ్య, ఆడపిల్లనన్న సంగతి మర్చిపోయి అడిగేశాను.

"మీకు నేనంటే ఇష్టమేనా అండీ?"

"ఇష్టమేనండి," అన్నారు. వెంటనే అన్నారు. ఆ మాట నేను అబద్ధం చెప్పను.

"నాకూ ఇష్టమేనండి. తారీఖు లేకపోయినా సరే ఈ అమ్మాయినే చేసుకుంటానని మీ నాన్నగారితో చెప్పండి. మా ఇంట్లోవాళ్ళు లేవమంటే నేను లేవలేదు కదండీ. మీరూ ఒక్కసారి..."

పంటు దగ్గరికొచ్చేసింది. కళాసీ తాడు విసిరాడు. ఆయన ఏటి వైపు చూశారు, చేతిలో ఉన్న ఫైలు వైపు చూశారు. నా వైపు మాత్రం చూడలేదు.

"ప్రార్థన చేసి చెప్తానండి," అన్నారు.

నేను సైకిళ్ళ మధ్య నుంచి తోసుకుంటూ పంటు ఎక్కేశాను. ఆయన ఎక్కలేదు, తర్వాత దానికి వస్తానన్నారు. ఏరు దాటే దాకా రెయిలింగు పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను. ఎవరు చూస్తే నాకేం! ఎవరి తీర్మానం వారిదేనని మైకులో వింటూ పెరిగిన మనిషి, నోరు తెరిచి ఒక్క మాట ఇంట్లో చెప్పలేకపోయాడు. అంత చిన్న ప్రార్థన చేసిన మనిషికి ఈ ప్రార్థన ఎంత పొడుగైపోయిందో, నాకు కబురంటూ రాలేదు.

ఆరు నెలలకి మావయ్య శుభలేఖ పట్టుకొచ్చాడు. పి.గన్నవరం వైపు అమ్మాయట, రక్షణ తారీఖు ఉన్న అమ్మాయి. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివారు. పరమ తండ్రియైన దేవుని చిత్తప్రకారము మా కుమారునికి వివాహము నిశ్చయమైనది అని, గిల్టు అక్షరాలతో అచ్చు వేయించారు. నాన్నగారు ఆమెన్ అన్నారు. మావయ్య ఆమెన్ అన్నాడు. అలవాటు కొద్దీ అమ్మ కూడా అంది. ముగ్గురూ నా వైపు చూశారు. నేను మాత్రం లేచి లోపలికి వెళ్ళిపోయాను.